వేటకు ముందు కెమెరా: ఫ్లాట్ టాప్స్ కొండల్లో ఎల్క్ జాడలు

పశ్చిమ కొలరాడోలోని ఫ్లాట్ టాప్స్ పీఠభూమి మీద కొన్నేళ్ళుగా సెప్టెంబరు 2న విల్లు వేట మొదలవుతోంది. ఆ తేదీకి ముందు వేసవంతా వేటగాళ్ళు అడవిలో తిరిగి, ఎల్క్ అనే పెద్ద జింక ఎక్కడ మేస్తోంది, ఎక్కడ పడుకుంటోంది, ఏ వేళకు ఏ నీటికి దిగుతోంది అన్నది తెలుసుకుంటారు. దీన్నే స్కౌటింగ్ అంటారు. ఈ పనిలో ఇప్పుడు కెమెరాది పెద్ద పాత్ర. డెన్వర్ శివారులో ఉండే మా బావగారు చాలాకాలంగా విల్లుతో ఎల్క్ వేటకు వెళ్తున్నారు. జులై నడుమ ఆయన ఆ అడవిలో కట్టి వచ్చిన ట్రెయిల్ కెమెరాల (ఎదురుగా జంతువు కదిలితే తమంతట తామే ఫోటో తీసేవి) కార్డులు తీసి, అవసరమైన చోట వాటి స్థానం మార్చడానికి ఆగస్టు చివరివారంలో బయలుదేరినప్పుడు నేనూ వెంట వెళ్ళాను. నేను వేటాడను. జంతువుల ఫోటోలు తీయడం నాకు ఇష్టం. నల్లమలలో పులుల లెక్క కోసం కెమెరాలు కట్టే పనిని దగ్గరగా చూసినవాణ్ణి. అదే పరికరం మరో దేశంలో, మరో అవసరానికి ఎలా పనికొస్తుందో చూడాలన్న కోరికతో ఆ కొండలెక్కాను.

గురువారం: డెన్వర్ నుంచి మీకర్

తెల్లవారకముందే బయలుదేరి ఇంటర్‌స్టేట్ 70 మీద పడమరకు సాగాం. ఐసెన్‌హోవర్ సొరంగం దాటాక నీళ్ళన్నీ పసిఫిక్ వైపు పారేవే. గ్లెన్‌వుడ్ లోయలో కొలరాడో నది పక్కన కొంతసేపు ప్రయాణించి, రైఫిల్ అనే ఊరి దగ్గర 13వ నంబరు రహదారి పట్టుకుని ఉత్తరానికి తిరిగాం. మధ్యాహ్నానికి ముందే వైట్ నది ఒడ్డున ఉన్న మీకర్ చేరుకున్నాం.

ఈ లోయ ఒకప్పుడు యూట్ జాతివారి వేటభూమి. 1879లో ఇక్కడ జరిగిన తిరుగుబాటు తరువాత, 1881లో వారిని యూటా వైపు తరలించి భూములు తీసుకున్నారు. ఆ తరువాత వచ్చినవారు మాంసం కోసం, తోళ్ళ కోసం, ఎల్క్ పై దవడలో ఉండే దంతపు పళ్ళ కోసం విచ్చలవిడిగా వేటాడటంతో 20వ శతాబ్దం మొదటికి కొలరాడోలో ఎల్క్ దాదాపు అంతరించే దశకు చేరింది. 1912 తరువాత వయోమింగ్ నుంచి మందలను రైళ్ళలో తెచ్చి వదిలి, వేటకు కాలాన్నీ హద్దులనూ నిర్ణయించి కాపాడుకుంటూ వచ్చారు. ఇప్పుడు అమెరికాలో ఏ రాష్ట్రంలోనూ లేనన్ని ఎల్క్ కొలరాడోలో ఉన్నాయి. వాటి సంఖ్య సుమారు 2.8 లక్షలని అంచనా. వాటిలో అతి పెద్ద మంద ఈ వైట్ నది పరిసరాలదే. 1937లో వచ్చిన పిట్‌మన్–రాబర్ట్‌సన్ చట్టం ప్రకారం తుపాకులు, మందుగుండు అమ్మకాలపై వసూలయ్యే పన్ను వన్యప్రాణుల సంరక్షణకు చేరుతుంది. వేట లైసెన్సుల డబ్బు కూడా రాష్ట్ర వన్యప్రాణి శాఖకే వెళ్తుంది. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట అన్న మాటనే నేరంగా వింటూ పెరిగిన మనవారికి ఈ ఏర్పాటు జీర్ణం కావడానికి సమయం పడుతుంది. నాకూ పట్టింది.

సాయంత్రం బావగారికి వేట నేర్పిన పెద్దాయన ఇంటికి వెళ్ళాం. ఈ కొండల్లోనే పుట్టి పెరిగి, డెబ్బై దాటిన మనిషి. బల్ల మీద పటం పరిచి, జులైలో కెమెరాలు కట్టిన చోట్లను వేలితో తాకుతూ, ఒక్కొక్క చోట నీడ ఎప్పుడు పడుతుందో, గాలి ఎటు తిరుగుతుందో బావగారిని అడిగారు. ఏయే ఫోటోలు పడ్డాయని మాత్రం ఆయన అడగలేదు. బయలుదేరేటప్పుడు ఒక మాటన్నారు: "కార్డుల్లో కొమ్ములున్నవాటిని వెతకడానికి తొందరపడకండి. ఆడవి ఎక్కడున్నాయో చూడండి, మిగతాది సెప్టెంబరు చూసుకుంటుంది." ఆ మాటలోని అర్థం నాకు బోధపడటానికి ఈ ప్రయాణమంతా పట్టింది.

శుక్రవారం: గట్టు మీద స్కోప్

ట్రాపర్స్ సరస్సు వైపు వెళ్ళే మట్టిదారిలో బండి ఆపి, చీకట్లోనే నడిచి, ఎదురుగా విశాలమైన పచ్చిక బయలు కనిపించే గట్టు మీద కూర్చున్నాం. ఆ ఎత్తులో, పది వేల అడుగుల దగ్గర, ఆగస్టులో కూడా వేకువన వేళ్ళు కొంకర్లు పోతాయి. స్కౌటింగ్‌లో కెమెరా పని చెట్టుకు కట్టిన పెట్టెతో మొదలుకాదు. దూరం నుంచి, జంతువుకు మన ఉనికి తెలియకుండా చూడటంతో మొదలవుతుంది.

బావగారి దగ్గర 20 నుంచి 60 రెట్లు పెద్దది చేసి చూపే స్పాటింగ్ స్కోప్ ఉంది. దాని కంటిగొట్టానికి ఒక బిగింపుతో ఫోనును తగిలిస్తే స్కోప్ చూస్తున్నదే ఫోటోగా నిలుస్తుంది. చెప్పినంత సులువైన పని కాదిది. 60 రెట్లకు తిప్పితే గాలి కదిలినా, పక్కన మనిషి అడుగు వేసినా బొమ్మ వణుకుతుంది. అందుకే 30 దగ్గరే ఉంచి, ట్రైపాడ్ కాళ్ళను పొట్టిగా పెట్టి, నడుమ రాళ్ళ సంచి వేలాడదీసి, ఫోను తెరను తాకకుండా రెండు సెకన్ల టైమరుతో తీయాలి. ఫోటోల కన్నా వీడియో మేలని బావగారు త్వరలోనే నిరూపించారు. మేస్తున్న ఎల్క్ తల దించుకుని ఉన్నంతసేపు కొమ్ముల శాఖలు ఒకదాని వెనుక ఒకటి దాగిపోతాయి. అది తల ఎత్తి మన వైపు, తరువాత పక్కకు తిరిగే ఒకటి రెండు క్షణాలను వీడియోలో ఆపి చూస్తే లెక్క తేలుతుంది.

ఆ లెక్క సరదా కోసం కాదు. కొలరాడోలోని చాలా వేట యూనిట్లలో మగ ఎల్క్‌ను వేటాడాలంటే ఒక కొమ్ముకైనా నాలుగు శాఖలుండాలి, లేదా నుదుటి దగ్గరి శాఖ కనీసం 5 అంగుళాల పొడవుండాలి. రెండో ఏట కొమ్ముల్లో ఎక్కువ భాగం శాఖలు లేని ఒంటి ఊచలే కాబట్టి ఆ వయసు పోతులు బతికి బయటపడతాయి. వేటకాలానికి ముందే ఫోటోల్లో శాఖలు లెక్కించడం అలవాటైన కన్ను, విల్లు ఎక్కుపెట్టిన క్షణంలో తడబడదు. బావగారు స్కోప్ వెనుక కూర్చుని నన్ను పరీక్షిస్తూనే ఉన్నారు: ఇది నాలుగా, ఐదా, నుదుటి శాఖ కనిపిస్తోందా, ఎడమ కొమ్ము చూశావా.

సూర్యోదయానికి ముందు మసక వెలుగులో ఐదు పోతులు బయలు అంచున మేస్తూ కనిపించాయి. వేసవిలో మగవి ఇలా విడిగా, చెట్లు ఆగిపోయే ఎత్తు దగ్గర, చిన్న గుంపులుగా ఉంటాయి. వాటి కొమ్ములు ఏప్రిల్ నుంచి నాలుగైదు నెలల్లోనే అంత పెరిగాయి. మంచి పెరుగుదల కాలంలో రోజుకు రెండున్నర సెంటీమీటర్ల దాకా పెరగగల ఎముక అది. నా కెమెరాకు 400 మిల్లీమీటర్ల లెన్సు తగిలించి నేనూ తీశాను కాని, కిలోమీటరు పైబడిన దూరంలో నా ఫోటోల్లో అవి గోధుమరంగు చుక్కలే. స్కోప్ ముందు నా లెన్సు ఓడిపోవడం చూస్తూ, దగ్గరికి జరుగుదామా అని అడిగాను. బావగారు వద్దన్నారు. వెలుగు వచ్చాక గాలి కొండ మీదికి ఎక్కడం మొదలవుతుంది. మనం కిందనుంచి రెండు వందల అడుగులు పైకి పోతే మన వాసన ముందుగా వాటిని చేరుతుంది. అప్పుడు ఫోటో దక్కుతుంది, జంతువులు మాత్రం పక్క లోయకు పోతాయి. తొమ్మిది గంటలకు ఎండ పెరిగి, నేల నుంచి లేచే ఆవిరికి స్కోప్‌లో బొమ్మ అలలుగా ఊగింది. ఆ తరువాత ఎంత మంచి అద్దమైనా ప్రయోజనం లేదు.

శనివారం: బురదమడుగు దగ్గర

మధ్యాహ్నం పన్నెండు దాటాకే కెమెరాల వైపు కదిలాం. ఎల్క్ గుబురులో పడుకుని నెమరు వేసే సమయమది. గాలి నిలకడగా పైకి వీచే సమయం కూడా. కార్డు మార్చడానికి వెళ్ళే దారి కెమెరా పెట్టిన చోటంత ముఖ్యమైనది. బావగారు వాగు నీళ్ళలోనే నడుస్తూ పైకి తీసుకెళ్ళారు, గడ్డి మీద మా అడుగుల వాసన మిగలకూడదని. కెమెరాలన్నీ వైల్డర్నెస్ (మనుషుల కట్టడాలు లేకుండా సహజంగా వదిలేసిన రక్షిత అడవి) హద్దుకు ఇవతల, మామూలు జాతీయ అటవీ భూమిలోనే ఉన్నాయి.

ఆ అడవిలో నిలువునా బూడిదరంగులో ఎండిపోయిన స్ప్రూస్ చెట్ల మోడులు ఎన్నో. 1939లో వచ్చిన పెనుగాలికి కూలిన చెట్లలో బెరడు పురుగు పెరిగి, 1940లలో ఈ పీఠభూమి మీది స్ప్రూస్ అడవిని చాలా మేర చంపేసింది. ఎనభై ఏళ్ళు దాటినా వాటిలో కొన్ని నిలబడే ఉన్నాయి. పడిపోయిన దుంగల నడుమ దారి చేసుకుంటూ వెళ్ళాక, ఊట నీరు నిలిచే పల్లంలో ఎల్క్ పొర్లాడే బురదమడుగు కనిపించింది. కనిపించకముందే వాసన వచ్చింది. మగ ఎల్క్ ఆ బురదలో మూత్రం పోసి, దానిలోనే దొర్లి, మెడా పొట్టా నల్లగా పూసుకుంటుంది. ఒడ్డున వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి, చుట్టూ డెక్కల గుర్తుల్లో ఇంకా నీరు ఊరుతోంది. పక్కనున్న పిల్ల ఫర్ చెట్టుకు నడుము ఎత్తు నుంచి భుజం ఎత్తు వరకు బెరడు లేదు. రాసుకున్న చోట జిగురు కారి మెరుస్తోంది.

కెమెరాను మడుగుకు దక్షిణాన ఒక లావు చెట్టుకు, పది అడుగుల ఎత్తున, ఉత్తరం వైపు తిప్పి కట్టారు. ఉత్తరం చూసే కెమెరాలోకి ఉదయపు ఎండా సాయంత్రపు ఎండా నేరుగా పడవు. అంత ఎత్తున కట్టడం రెండు కారణాల వల్ల: ఎల్క్ కంటికి ఎదురుగా ఉండకూడదు, ఎలుగుబంటి ముట్టె దాకా రాకూడదు. ఎలుగు ఇలాంటి పెట్టె కనబడితే కొరికి చూడక మానదు. పై నుంచి కిందికి వంచడానికి కెమెరాకూ చెట్టుకూ మధ్య ఒక ఎండుకొమ్మ ముక్కను మేకులా దోపారు. బావగారు చెట్టుకు కట్టిన మెట్టు మీద నిలబడి, రబ్బరు చేతి తొడుగులతో మూత తెరిచేసరికి లోపలి అంచు పొడవునా చీమలు గుడ్లు పెట్టుకుని ఉన్నాయి. వాటిని గడ్డిపోచతో దులిపి, కార్డు తీసి కొత్తది పెట్టి, ఎనిమిది లిథియం బ్యాటరీలను పరీక్షించి మూత వేశారు. అక్కడ ఫోటోలు చూడాలని నాకు ఉబలాటంగా ఉంది. ఆయన జేబులో వేసుకుని వచ్చిన దారినే దిగిపోయారు. ఆ చోట గడిపే ప్రతి నిమిషానికీ ఎల్క్ ముక్కు ధర కడుతుందని ఆయన నమ్మకం, సరైన నమ్మకమే.

గుడారానికి వచ్చాక తెర మీద చూశాం. ఆగస్టు 19, మధ్యాహ్నం 1:14 అని అంచున ముద్రపడిన మూడు ఫోటోల వరుస అది. మొదటి దానిలో ఒక పెద్ద పోతు ముందుకాళ్ళు మడుగులో దింపి ముక్కు నీటికి ఆనించి ఉంది. రెండో దానిలో పూర్తిగా పక్కకు ఒరిగింది. మూడో దానిలో లేస్తూ తల విదిలించింది. బురద చుక్కలు గాల్లో నిలిచిపోయాయి. కొమ్ములను కప్పి ఉండే మెత్తటి పొర అప్పుడే వదులుతోంది. ఎడమ కొమ్ము ఐదో శాఖ నుంచి తడి పీలిక ఒకటి జారి కంటి మీదుగా వేలాడుతోంది, దాని కింద ఎముక రక్తం అంటి ఎర్రగా ఉంది. చెట్లకు రాసుకున్న కొద్దీ జిగురూ బెరడు రంగూ పట్టి ఆ ఎముక గోధుమరంగుకు మారుతుంది. రెండు వైపులా ఆరేసి శాఖలు. బావగారు చాలాసేపు ఆ ఫోటోనే చూశారు, నేను వేరే చెప్పనక్కరలేదు.

ఆదివారం: వాన

రాత్రి మొదలైన వాన మధ్యాహ్నం దాకా ఆగలేదు. గుడారంలో కూర్చుని కార్డులన్నీ వరుసగా చూశాం. స్కౌటింగ్‌లో అతి విలువైన పని ఇదేనని నేను నమ్ముతున్నాను, చాలామంది దీన్నే తొందరగా ముగిస్తారు.

ఈ కెమెరా లోపలి సెన్సర్ కదలికను మాత్రమే పట్టుకోదు. పరిసరాల వేడికీ, ఎదురుగా కదిలే దేహం వేడికీ ఉండే తేడాను పసిగడుతుంది. చల్లటి వేకువలో ఎల్క్ దూరంగా ఉన్నా తేడా ఎక్కువ కాబట్టి ఫోటో పడుతుంది. మండే మధ్యాహ్నం నేల కూడా జంతువు ఒంటి పైభాగమంత వేడెక్కితే దగ్గరగా వెళ్ళినా పడకపోవచ్చు. మరోవైపు ఎండకు కాగిన పొడవాటి గడ్డి గాలికి ఊగితే ఖాళీ ఫోటోలు వందలు పడతాయి. ఒక కెమెరాలో మూడు వంతులు అలాంటివే. దాని ముందు గడ్డి కోయాలని రాసుకున్నాం. అంటే ఫోటో లేనంత మాత్రాన జంతువు లేదని కాదు, ఆ గంటలో ఆ ఎండలో సెన్సర్ చూడలేకపోయి ఉండవచ్చు.

తరువాత బావగారు ఒక నోటుపుస్తకం తీసి ఫోటో పడిన వేళ, జంతువు నడిచిన దిక్కు, మగా ఆడా, ముద్రపడిన ఉష్ణోగ్రత రాయడం మొదలుపెట్టారు. నేను చదువుతూ పోయాను. కొలరాడోలో పెద్ద జంతువుల వేట సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తరువాత అరగంట వరకే చట్టబద్ధం. ఆ హద్దుతో వేరు చేస్తే చిత్రం మారిపోయింది. ఆరు శాఖల పోతు ఫోటోల్లో పగటివి మడుగు దగ్గర పడిన ఆ మూడే. మిగతావన్నీ రాత్రివి, ఒక్కొక్కటి ఒక్కో చోటివి, రోజుల ఎడంతో. కనుమ దగ్గరి కెమెరాలో మాత్రం కొమ్ములు లేని ఆడ ఎల్క్, జూన్‌లో పుట్టి మచ్చలు చెరిగిపోయిన వాటి దూడలు, దాదాపు ప్రతి వేకువనా ఒకే దిక్కుగా దాటుతున్నాయి. ఆగస్టు 12 తరువాత కొన్ని రోజులు అవి కూడా లేవు. కారణం అదే కార్డులో ఉంది: గొర్రెల మంద, దాని వెనుక గుర్రం మీద కాపరి, తెల్లటి కాపలా కుక్కలు. ఈ అటవీ భూముల్లో వేసవి మేపుకు అనుమతి ఉంది. కాపరుల్లో పెరూ దేశం నుంచి పనికి వచ్చినవారు ఎక్కువ. మంద కదిలిపోయాక ఎల్క్ తిరిగి వచ్చాయి.

పెద్దాయన మాట అప్పుడు తెలిసింది. ఆగస్టులో కలిసి తిరిగే పోతులు నెలాఖరుకు విడిపోతాయి, సెప్టెంబరులో జతకట్టే కాలం రాగానే మైళ్ళ దూరం పోతాయి. ఇప్పుడు ఫోటోలో ఉన్న పోతు అప్పుడు ఈ లోయలోనే ఉంటుందన్న హామీ లేదు. ఆడవి మాత్రం మేత, నీరు, దూడల భద్రత ఉన్న చోటును అంత తేలిగ్గా వదలవు, పోతులే వాటిని వెతుక్కుంటూ వస్తాయి. కాబట్టి కొమ్ములు లేని ఫోటోలే సెప్టెంబరు పటం.

నల్లమలలో పని వేరుగా ఉంటుంది. అక్కడ దారికి రెండు వైపులా ఎదురెదురుగా మోకాలి ఎత్తున రెండు కెమెరాలు కడతారు, ఎందుకంటే పులి కుడి పక్క చారలూ ఎడమ పక్క చారలూ ఒకటి కావు. రెండూ దొరికితేనే ఫలానా పులి అని తేలుతుంది. ఆ చారలు చచ్చేదాకా మారవు. 2018 పులుల లెక్కలో దేశమంతటా 26,838 చోట్ల కట్టిన కెమెరాలు మూడు కోట్ల నలభై ఎనిమిది లక్షలకు పైగా ఫోటోలు తీశాయి, అది గిన్నిస్ రికార్డు కూడా అయింది. ఎల్క్‌కు చారలు లేవు. పోతును గుర్తుపట్టేది కొమ్ముల తీరును బట్టే, అవి మార్చి, ఏప్రిల్ నెలల్లో రాలిపోతాయి. కాబట్టి ఒక పోతు గురించి ఈ కెమెరాలు చెప్పే సాక్ష్యం ఆ ఏటితో సరి.

మడుగు కార్డులో మరో అతిథి కూడా ఉంది: రాత్రి నీటిలో నిలబడిన ఒక మూస్, అంటే ఎల్క్ కన్నా పెద్ద జింక. కొలరాడోలో మూస్ స్థిరపడింది 1978లో నార్త్ పార్క్ ప్రాంతానికి తెచ్చి వదిలాకే. ఇక్కడి మూస్‌కు షైరస్ మూస్ అని పేరు, జార్జ్ షైరస్ అనే పెద్దమనిషి గౌరవార్థం పెట్టింది. 19వ శతాబ్దం చివర్లో రాత్రివేళ పడవలో దీపం పెట్టుకుని జింకల ఫోటోలు తీసినవాడు, దారికి అడ్డంగా తీగ కట్టి జంతువు తగిలితే కెమెరా తనంతట తనే ఫోటో తీసే ఏర్పాటు చేసినవాడు ఆయనే. మొదట వేటగాడు, తరువాత తుపాకీ వదిలి కెమెరా పట్టాడు. 1906లో నేషనల్ జియోగ్రాఫిక్ ఆయన ఫోటోలను ఒక సంచికలో 74 వేసింది. ఆయన పేరు మోసే జంతువు, ఆయన మొదలుపెట్టిన విధానానికి వారసురాలైన పెట్టె ముందు వచ్చి నిలబడటం నాకు ఎంతో సంతోషమనిపించింది.

సోమవారం: కనుమ

వాన వెలిసిన తడిలో అడుగుల చప్పుడు ఉండదు. రెండు వాగుల మధ్య కొండ కాస్త దిగే కనుమకు మధ్యాహ్నం చేరుకున్నాం. ఎల్క్ కాలిబాట ఇక్కడ అరచేతి వెడల్పున నేలలోకి అరిగిపోయి ఉంది. కెమెరా దారికి అడ్డంగా చూస్తోంది. అందువల్ల చాలా ఫోటోల్లో వేగంగా దాటిన జంతువు పిరుదులే పడ్డాయి. పక్కల నుంచి అడ్డంగా దాటే దేహాన్ని సెన్సర్ త్వరగా పట్టుకుంటుంది, నేరుగా ఎదురొచ్చేదాన్ని ఆలస్యంగా పట్టుకుంటుంది. అందుకని దారికి సగం వాలుగా, నలభై అయిదు డిగ్రీల కోణంలో తిప్పి కడితే పట్టుకోవడమూ కుదురుతుంది, జంతువు కొంతసేపు చట్రంలో ఉండటమూ కుదురుతుంది. బావగారు అలా మార్చి, ముందున్న గడ్డిని కొడవలి కత్తితో కోసి, తానే ఎల్క్‌లా వంగి దారి వెంట నడిచి ఎరుపు దీపం వెలుగుతోందో లేదో నాతో చూడమన్నారు.

అదే కనుమలో, ఇరవై అడుగుల అవతల, మరొకరి కెమెరా ఉంది. జులైలో అది లేదు. ఇది అందరి భూమి. వారికీ అంతే హక్కుంది. బావగారు దాన్ని తాకలేదు, దాని ముందుకు వెళ్ళి ముఖం చూపించారు. ఇక్కడ మరో మనిషి కూర్చోబోతున్నాడని అవతలివారికి తెలియాలట.

కెమెరాలు ఇలా పెరిగిపోవడమే పశ్చిమ రాష్ట్రాల్లో ఇప్పుడు పెద్ద చర్చ. అరిజోనాలో నీటిగుంటలు కొద్ది, ప్రతి గుంట చుట్టూ పదుల కొద్దీ కెమెరాలు, వాటి కార్డుల కోసం నిత్యం మనుషుల రాకపోకలు. దాహానికి వచ్చే జంతువుకు చోటు లేకుండా పోయింది. 2022 జనవరి 1 నుంచి ఆ రాష్ట్రం వేటకు ట్రెయిల్ కెమెరాల వాడకాన్ని పూర్తిగా నిషేధించింది. నెవాడా ఆగస్టు నుంచి డిసెంబరు చివరి వరకు ప్రభుత్వ భూముల్లో ఆపేసింది, యూటా కూడా ఆంక్షలు పెట్టింది. తీసిన ఫోటోను ఆ క్షణమే ఫోనుకు పంపే కెమెరాల సాయంతో వేటాడటంపై కొలరాడోలోనూ ఆంక్షలున్నాయి. 1887లో థియోడర్ రూజ్‌వెల్ట్ స్థాపించిన వేటగాళ్ళ సంస్థ బూన్ అండ్ క్రాకెట్ క్లబ్ కూడా అలాంటి సమాచారంతో జంతువు దగ్గరికి చేరడాన్ని న్యాయమైన వేటగా ఒప్పుకోదు.

ఈ ఆంక్షలు సబబేనని నా అభిప్రాయం. కార్డు కెమెరా చెప్పేది గతం. ఆ గతాన్ని చదివి, నేల చూసి, గాలి చూసి, రేపటిని ఊహించే బాధ్యత మనిషిదే. ఫోటో చేతిలోని ఫోనుకే వచ్చిపడితే ఊహించవలసిన అవసరం పోతుంది, ఎల్క్‌కు తప్పించుకునే అవకాశమూ పోతుంది. బావగారు నాకన్నా గట్టిగా ఈ మాట అన్నారు, అదీ ఎవరూ అడగకుండానే.

మంగళవారం: రిప్పల్ క్రీక్ మీదుగా

ఉదయం మడుగు దగ్గరి కెమెరాను విప్పి తెచ్చేశారు. వేటకాలం మొదలయ్యాక దాని కార్డు కోసం ఆ పల్లంలోకి దిగకూడదని ఆయన నిర్ణయం. కనుమలోది ఉంచారు. సామాను సర్దుకుని, 10,343 అడుగుల రిప్పల్ క్రీక్ కనుమ, ఆపైన డంక్లీ కనుమ దాటి, యాంపా వైపు కంకరదారిలో దిగాం. ఆస్పెన్ ఆకుల్లో ఒకటి రెండు కొమ్మలు అప్పుడే పసుపు తిరుగుతున్నాయి.

యాంపాలో కాఫీ తాగుతూ బావగారు నోటుపుస్తకం చివరి పుటలో పథకం రాసుకున్నారు. సెప్టెంబరు 2 వేకువన చల్లగాలి కొండ మీది నుంచి కిందికి దిగుతుంది కాబట్టి, ఆడ మంద దాటే బాటకు దిగువన, కనుమకు తూర్పు వాలులో కూర్చోవాలి. దూడ వెంట ఉన్నదాన్ని వదిలేయాలి. పది దాటాక గాలి పైకి తిరుగుతుంది, అప్పుడు మడుగుకు ఎగువనున్న మోడుల మధ్యకు మారాలి. ఆరు శాఖలదైనా నాలుగు శాఖలదైనా ముప్పై గజాల లోపలికి వస్తేనే బాణం. రెండు చోట్లా గాలి తిరగబడిన రోజున అడవిలో అడుగుపెట్టకుండా గుడారం దగ్గరే ఉండాలని కూడా రాసి, ఆ వాక్యం కింద గీత గీశారు.